ముందు పంటికి వేసే అతుకు: కొన్ని విశేషాలు

రంగుల షెడ్డు నుంచి నోటి దాకా

సంగారెడ్డి పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ముంబయి హైవే ఎక్కి హైదరాబాద్ వైపు వెళ్తుంటే కంది, రుద్రారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు వరసగా తగులుతాయి. ఈ దారి పొడవునా ఉన్న ఫ్యాక్టరీల్లో ఇనుప రేకులకు రంగు వేసే పని తెలిసినవాళ్లను అడిగి చూడండి. రేకు మీద నేరుగా రంగు కొట్టరు. ముందు జిడ్డు కడుగుతారు. తర్వాత ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన ద్రావణంలో ముంచుతారు. అప్పుడే రంగు గట్టిగా పట్టుకుంటుంది. లేకపోతే నాలుగు వానలకు పెచ్చులు లేస్తుంది.

విరిగిన ముందు పన్నుకు పంటి రంగు పదార్థం అతికించే, అంటే కాంపోజిట్ బాండింగ్ చేసే, పళ్ల డాక్టరు కూడా పన్నును శుభ్రం చేయగానే ఒక జెల్ పూస్తారు. చాలాసార్లు అది నీలం రంగులో ఉంటుంది. అందులో ఉన్నది ఆ ఫాస్ఫారిక్ యాసిడే. ఇది కాకతాళీయం కాదు. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీలో పరిశోధన చేసిన మైఖేల్ బ్యూనోకోర్‌కు ఈ ఆలోచన పరిశ్రమల నుంచే వచ్చింది. లోహానికి రంగూ రెజిన్ పూతలూ బాగా అంటుకోవడానికి అక్కడ యాసిడ్ వాడుతున్నారు కదా, పంటి మీద ఎందుకు వాడకూడదు అనుకున్నారాయన. 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌ను పంటి మీద 30 సెకన్లు ఉంచి, ఆ ఫలితాన్ని 1955లో జర్నల్ ఆఫ్ డెంటల్ రీసెర్చ్‌లో ప్రచురించారు. పంటికి ఏదైనా అతికించే ఇప్పటి పద్ధతులకు మూలం ఆ చిన్న వ్యాసమే. కార్మికుల చేతి పనిలోంచి పుట్టిన వైద్యమిది. పారిశ్రామికవాడలో బతికే మనకు ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఆ అర నిమిషంలో ఏం జరుగుతుంది?

పంటి పైపొర ఎనామెల్. మన ఒంట్లో అంతకన్నా గట్టి పదార్థం లేదు. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. జీవకణాలు ఉండవు కాబట్టి ఒకసారి పోతే మళ్లీ పెరగదు. యాసిడ్ తగలగానే ఆ ఖనిజం అక్కడక్కడా కరిగి, కంటికి కనపడని సన్నని గుంతలు పడతాయి. జిగురులాంటి పలచని రెజిన్ ఆ గుంతల్లోకి వేళ్లలా దిగి గట్టిపడుతుంది. అతుకును పట్టి ఉంచేది ఆ వేళ్లే. ఇప్పుడు వాడే యాసిడ్ సాధారణంగా 37 శాతం, ఉంచే సమయం 15 నుంచి 30 సెకన్లు. కడిగి ఆరబెట్టాక పన్ను సుద్దముక్కలా తెల్లగా, మెరుపు లేకుండా కనిపించాలి. అలా కనిపిస్తేనే డాక్టరు తర్వాతి మెట్టుకు వెళ్తారు.

ఇక్కడే ఉమ్మి పెద్ద శత్రువు. ఆ గుంతల మీద లాలాజలం పడిందంటే అందులోని ప్రోటీన్లు వాటిని కప్పేస్తాయి, రెజిన్ లోపలికి దిగదు. నోటికి రబ్బరు తెర కట్టినా, దూది కుక్కినా, చూషణ గొట్టం పెట్టినా అంతా ఇందుకే. రబ్బరు తెరను 1864లో న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ మొదటిసారి వాడారు. ఊపిరాడనట్టు అనిపించినా కాస్త ఓర్చుకోండి. పొడిగా ఉంచిన ఆ పది నిమిషాల మీదే మీ అతుకు ఆయుష్షు ఆధారపడి ఉంటుంది.

1955లోనే, నల్గొండ

బ్యూనోకోర్ వ్యాసం వచ్చిన ఏడాదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మన నేల గురించి ఒక వ్యాసం వచ్చింది. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్దిఖీ రాసింది. అంతకు ముందే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలో నీళ్ల వల్ల వస్తున్న ఫ్లోరోసిస్ గురించి షార్ట్, ఆయన సహచరులు రాశారు. వాళ్లు చూసిన ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లావి. ఆ దర్శి, పొదిలి ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. పంటి మీద మచ్చలకు కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని ప్రపంచానికి తెలిసింది కూడా అంతకు కొద్ది ఏళ్ల ముందే. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో జనం పళ్ల మీద గోధుమ మచ్చలను ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901 నుంచి పట్టి చూశారు. 1931లో అల్యూమినియం కంపెనీ ఆల్కోవాలో రసాయనవేత్త అయిన హెచ్.వి. చర్చిల్ ఆ నీళ్లలో ఫ్లోరిన్ ఉందని తేల్చారు.

1955 నాటి ఆ రెండు వ్యాసాలూ ఇవాళ ఒకే నోట్లో కలుస్తున్నాయి. ఫ్లోరైడ్ మచ్చ పన్ను తయారయ్యే వయసులోనే పడుతుంది. ముందు పళ్ల విషయంలో అది తొలి కొన్నేళ్ల బాల్యం. పెద్దయ్యాక ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా, అప్పటికే తయారైన ఎనామెల్ మీద కొత్తగా ఆ మచ్చ రాదు. కాబట్టి నల్గొండ పల్లెలో పెరిగి పటాన్‌చెరుకు పనికి వచ్చిన మనిషి ముందు పళ్ల మీద కనిపించే గోధుమ చారలు చిన్నప్పటి బోరు నీళ్లు వదిలిన గుర్తులు. పళ్లు తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు. వాళ్లను చూసి మొహం చిట్లించేవాళ్లకు ఈ ఒక్క ముక్కా తెలిస్తే చాలు. సంబంధాల దగ్గరా ఇంటర్వ్యూల్లోనూ నోరు విప్పడానికి మొహమాటపడే పిల్లలు ఎందరో ఉన్నారు.

బాండింగ్ చేసే డాక్టరుకు కూడా ఈ పళ్లు ప్రత్యేకం. మామూలు ఎనామెల్ పీహెచ్ 5.5 దగ్గర కరగడం మొదలవుతుంది. ఫ్లోరైడ్ నిండిన ఎనామెల్ అంత తేలిగ్గా కరగదు, సుమారు 4.5 దాకా తట్టుకుంటుంది. పుచ్చిపోకుండా కాపాడే ఆ గుణమే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. యాసిడ్ లోపలికి దిగదు, గుంతలు పడవు, అతుకు నిలవదు. అందుకే పైపొరను చాలా పలచగా గీకుతారు, లేదా యాసిడ్‌ను ఎక్కువసేపు ఉంచుతారు. మచ్చలు పైపైనే ఉంటే యాసిడ్, ప్యూమిస్ పొడి కలిపి రుద్దే పద్ధతితోనే పోతాయి, కాంపోజిట్ అవసరం ఉండదు. లోతుగా ఉంటే పంటి ముందు భాగమంతా కాంపోజిట్ పొరతో కప్పుతారు. మీరు ఫ్లోరైడ్ ఊరి నుంచి వచ్చినవాళ్లయితే ఊరి పేరుతో సహా డాక్టరుకు చెప్పండి. వైద్యం మారుతుంది.

మన దేశంలో తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే దారి లేనిచోట 1.5 దాకా. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970ల్లో రూపొందించింది. దానికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. నది నీళ్లను ఇళ్లకు తెచ్చే మిషన్ భగీరథ పథకం 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మొదలైంది. నది నీళ్లు తాగి పెరుగుతున్న పిల్లల ముందు పళ్లు ఎలా వస్తున్నాయో చూస్తే ఆ పథకం ఫలితం అక్కడ తెలుస్తుంది.

గాజుపొడి, రెజిన్

కాంపోజిట్ అంటే రెండు పదార్థాల కలయిక. రెజిన్‌లో అతి సన్నని గాజు, సిలికా రేణువులు కలుపుతారు. చాలా రకాల్లో బరువు లెక్కన నాలుగింట మూడు వంతులకు అటూ ఇటూ రేణువులే ఉంటాయి. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన రాఫెల్ బోవెన్ 1962లో పేటెంట్ పొందిన బిస్-జీఎంఏ రెజిన్ నేటికీ చాలా కాంపోజిట్లకు వెన్నెముక. ఆయన మొదట ఎపాక్సీతో ప్రయత్నించారు. అది నోట్లో గట్టిపడటానికి చాలాసేపు పట్టింది. గాజుకూ రెజిన్‌కూ పొత్తు కుదిర్చేది సిలేన్ అనే పూత. బేరియం కలిసిన గాజు వాడతారు కాబట్టి ఎక్స్‌రేలో ఆ అతుకు తెల్లగా కనిపిస్తుంది. కింద కొత్తగా పుచ్చు మొదలైతే దాని పక్కన నల్లగా తేలిపోతుంది.

నీలి వెలుగు

పిండిలా మెత్తగా ఉన్న పదార్థాన్ని రాయిలా చేసేది నీలి కాంతి. రెజిన్‌లో కాంఫర్‌క్వినోన్ అనే పసుపుపచ్చ పదార్థం ఉంటుంది. సుమారు 470 నానోమీటర్ల నీలి కాంతిని అది బాగా పీల్చుకుంటుంది. 1970ల మొదట్లో వచ్చిన యంత్రాలు అతినీలలోహిత కిరణాలతో పనిచేసేవి. ఇప్పుడు ఎల్‌ఈడీలు వచ్చాయి. డాక్టరు పట్టుకునే నారింజ రంగు పలక ఆ నీలి వెలుగు నుంచి కళ్లను కాపాడుతుంది. మీరు కూడా అటు చూడకండి.

ఒక్కసారిగా ముద్ద పెట్టి వెలుగు కొట్టడం కుదరదు. కాంతి లోపలి దాకా పోదు. పైగా గట్టిపడేటప్పుడు పదార్థం రెండు మూడు శాతం దాకా కుంచించుకుంటుంది, అంచుల దగ్గర సందు పడుతుంది. అందుకే మామూలు కాంపోజిట్‌ను సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా పేరుస్తారు. గాలి తగిలే పైపొర మాత్రం జిగటగానే ఉండిపోతుంది, ఆక్సిజన్ దాన్ని గట్టిపడనివ్వదు. చివరి పొర మీద గ్లిజరిన్ పూసి వెలుగు కొట్టేది, తర్వాత పాలిష్ పట్టేది ఆ జిగట లేకుండా చేయడానికే.

లవంగం సంగతి

పన్ను నొప్పి అనగానే మన ఇళ్లలో లవంగమే గుర్తొస్తుంది. నొప్పి తగ్గుతుంది కూడా, ఎందుకంటే అందులోని యూజినాల్ నరాన్ని తాత్కాలికంగా మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు తాత్కాలికంగా వేసే సిమెంటులో జింక్ ఆక్సైడ్‌తో కలిసేది కూడా అదే. కానీ రెజిన్‌కు యూజినాల్ పడదు. గట్టిపడే చర్యను మధ్యలోనే తుంచేస్తుంది. దాని అంశ మిగిలిన చోట కాంపోజిట్ సరిగా గట్టిపడదు, సరిగా అంటుకోదు. రాత్రంతా లవంగ నూనె దూది పెట్టుకుని పొద్దున బాండింగ్‌కు వెళ్తే ఆ మాట డాక్టరుకు చెప్పడం మరవొద్దు. ఆ పంటికి ఇంతకు ముందు తాత్కాలిక సిమెంటు వేయించుకున్నా చెప్పాలి.

రంగు ఎప్పుడు చూడాలి?

నోరు తెరిచి కూర్చున్న కొద్ది నిమిషాలకే పన్ను ఆరిపోయి అసలు రంగు కన్నా తెల్లబడుతుంది. అప్పుడు చూసి కాంపోజిట్ ఎంచితే, మర్నాడు పన్ను తడిసి మామూలు రంగుకు వచ్చాక అతుకు వేరుగా కనిపిస్తుంది. అందుకే కుర్చీలో కూర్చోగానే, పన్ను తడిగా ఉండగానే, వీలైతే పగటి వెలుగులో రంగు చూడాలి. లిప్‌స్టిక్ తుడిచేయాలి. చాలా క్లినిక్కుల్లో కనిపించే వీటా రంగుల పలక 1956 నాటిది. అందులో 16 ఛాయలుంటాయి.

పళ్లు తెల్లగా చేయించుకోవాలన్న కోరిక కూడా ఉంటే అది ముందు చేయించుకోండి. బ్లీచింగ్ మందు అసలు పన్నును తెలుపు చేస్తుంది కానీ కాంపోజిట్ రంగును మార్చదు. బ్లీచింగ్ అయ్యాక బాండింగ్‌కు కనీసం ఒకటి రెండు వారాలు ఆగాలి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ అతుకును బలహీనం చేస్తుంది.

ఆరున్నర వేల ఏళ్ల పూడిక

పాడైన పంటిని బాగుచేయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. స్లొవేనియాలో దొరికిన సుమారు 6,500 ఏళ్ల నాటి దవడ ఎముకలో పగిలిన పంటిని తేనెమైనంతో పూడ్చిన ఆనవాళ్లున్నాయి. ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో అంతకన్నా పాతకాలపు పళ్లకు చెకుముకి రాతి మొనతో రంధ్రాలు చేసిన గుర్తులు కనిపించాయి.

ఎవరికి పనికొస్తుంది?

అంచు విరిగిన పన్ను, రెండు ముందు పళ్ల మధ్య సందు, పుట్టుకతోనే చిన్నగా మేకులా వచ్చిన పన్ను, పోని మచ్చ. వీటికి బాండింగ్ చక్కని మార్గం. పన్నును అరగదీయాల్సింది చాలా తక్కువ, చాలాసార్లు అసలే ఉండదు. మత్తు సూది కూడా ఎక్కువగా అవసరం పడదు. ఒక్క రోజులో పనైపోతుంది. పింగాణీ వెనీర్ (పంటి ముందు అతికించే పలచని పలక) కన్నా ఖర్చు తక్కువ, ఆయుష్షు కూడా తక్కువే. అయిదారేళ్లు నిలిస్తే బాగా నిలిచినట్టు. జాగ్రత్తగా చూసుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, గార పేరుకుని ఉంటే ముందు వాటి పని చూడాలి. చిగురు రక్తం తగిలిన చోట అతుకు నిలవదు.

విరిగిన ముక్క పారేయొద్దు

బడిలో ఆడుతూ పడి పిల్లవాడి ముందు పన్ను అంచు విరిగితే ఆ ముక్క కోసం వెతకండి. దొరికితే నీళ్లలోనో పాలలోనో వేసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ముక్క సరిగా అమరితే అదే బాండింగ్ పద్ధతిలో తిరిగి అతికిస్తారు. ఆ పంటి రంగుతో, ఆ పంటి మెరుపుతో ఏ కాంపోజిట్ పోటీ పడలేదు. ఆరిపోయిన ముక్క తెల్లబడి తేడాగా కనిపిస్తుంది కాబట్టే తడిలో ఉంచాలి.

మొదటి రెండు రోజులు

నీలి వెలుగు ఆర్పాక కూడా లోపల గట్టిపడే చర్య ఒక రోజు దాకా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. కొత్త కాంపోజిట్ నీటిని పీల్చుకునేది కూడా ఆ తొలి రోజుల్లోనే. నీటితో పాటు రంగూ లోపలికి పోవచ్చు. రెండు రోజులు చాయ్, కాఫీ, పసుపు ఎక్కువ వేసిన కూరలు, బీట్‌రూట్, కిళ్లీ దూరం పెట్టండి. పెరుగన్నం, ఇడ్లీ, పాలు, అరటిపండు చాలు. చల్లటి నీళ్లకు పన్ను జివ్వుమంటే నాలుగు రోజుల్లో తగ్గుతుంది. కొరికినప్పుడు ఆ పన్నే ముందు తగులుతుందనిపిస్తే మాత్రం ఓర్చుకోవద్దు. వెళ్లి ఎత్తు తగ్గించుకోండి, అది అయిదు నిమిషాల పని.

చెరకు గడ, సకినం

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ వైపు చెరకు విరివిగా పండుతుంది. సీజన్‌లో గడను పళ్లతో చీల్చి తినడం ఇక్కడి పిల్లలకూ పెద్దలకూ అలవాటు. బాండింగ్ చేయించుకున్న ముందు పన్నుకు ఇంతకన్నా ప్రమాదకరమైన తిండి లేదు. కాంపోజిట్ అదుముడును బాగానే తట్టుకుంటుంది. అంచు దగ్గర పలచగా ఉన్నచోట పక్కకు వంచే ఒత్తిడిని, పీకే ఒత్తిడిని తట్టుకోలేదు. చెరకు చీల్చేటప్పుడు పడేది సరిగ్గా ఆ ఒత్తిడే. గడను కత్తితో చిన్న ముక్కలుగా కోసుకుని దవడ పళ్లతో నమలండి. సంక్రాంతి సకినాలు, పల్లీపట్టీ, గట్టి జామకాయ, మొక్కజొన్న కంకి, మటన్ బొక్క అన్నిటికీ ఇదే పద్ధతి. ఏదీ మానేయాల్సిన పని లేదు.

పనిచోట పళ్లు

కరెంటు పనిలో వైరు తొడుగు పళ్లతో పీకేవాళ్లుంటారు. దర్జీలు దారం కొరుకుతారు, వడ్రంగులు మేకులు పళ్ల మధ్య పట్టుకుంటారు. ఏళ్ల తరబడి అలా చేస్తే సొంత పన్నుకే గాటు పడుతుంది, అతుకు ఏపాటిది. కటింగ్ ప్లేయర్ చేయాల్సిన పనికి వేల రూపాయల అతుకును బలిపెట్టొద్దు. సోడా మూత, పాల ప్యాకెట్, గోళ్లు కూడా ఈ జాబితాలోవే.

ఇంకొకటి ఇక్కడివాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సినది. బ్యాటరీలు తయారుచేసే చోట, లోహాన్ని యాసిడ్‌లో ముంచే చోట గాలిలో తేలే యాసిడ్ తుంపరల వల్ల ముందు పళ్లు అరిగిపోతాయని పరిశోధకులు చాలా కాలం క్రితమే గుర్తించారు. పెదవి కప్పని భాగమే ముందు కరుగుతుంది. బాండింగ్ చేయించుకున్నా చుట్టూ ఉన్న ఎనామెల్ కరుగుతూ పోతే కాంపోజిట్ ఒంటరిగా మిగులుతుంది. అలాంటి పనిలో ఉంటే డాక్టరుకు పని వివరం చెప్పండి. మాస్కు, గాలి బయటికి లాగే ఏర్పాటు కావాలని అడగడం మీ హక్కు.

తోముడు

మెత్తటి బ్రష్, మామూలు ఫ్లోరైడ్ పేస్టు. అంతే. బొగ్గుపొడి, బూడిద, ఉప్పు, ఎర్ర పళ్లపొడి, తెలుపు చేస్తామనే గరుకు పేస్టులు కాంపోజిట్ పాలిష్‌ను గీకేస్తాయి. గీకిన చోట చాయ్ రంగు ముందు పట్టుకుంటుంది. వేపపుల్ల వాడేవాళ్లు దాన్ని బాగా నమిలి మెత్తగా చేసుకుని, అతుకు అంచుల మీద రుద్దకుండా చూసుకోవాలి. నిమ్మరసం, కూల్‌డ్రింక్ తాగిన వెంటనే తోమొద్దు, నీళ్లు పుక్కిలించి అరగంట ఆగండి.

ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ రోజూ వాడితే రెజిన్ మెత్తబడుతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వారాల తరబడి వాడితే గోధుమ మరకలు పడతాయి. క్లినిక్‌లో పిల్లలకు ఫ్లోరైడ్ జెల్ పెట్టేటప్పుడు నోట్లో బాండింగ్ ఉందని చెప్పండి. యాసిడ్ కలిసిన ఫ్లోరైడ్ జెల్ కాంపోజిట్‌లోని గాజు రేణువులను తినేసి మెరుపు పోగొడుతుంది. యాసిడ్ లేని రకం దొరుకుతుంది. క్లీనింగ్‌కు వెళ్లినప్పుడు కూడా ఏ పన్ను అతుకో ముందే చూపించాలి. గార తీసే యంత్రపు మొన దాని మీద గీతలు పెడుతుంది.

నిద్రలో నూరుకోవడం

పళ్లు కొరికే సంగతి కొరికేవాళ్లకు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుంటే అనుమానించండి. రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు (నైట్‌గార్డ్) లేకుండా అలాంటివాళ్లకు ముందు పళ్ల అతుకు ఎక్కువ కాలం నిలవదు. నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్లు దాన్ని పగలే పెట్టుకోవాలి.

ఎక్కడ, ఎవరి దగ్గర?

సంగారెడ్డి దగ్గర ఫసల్‌వాదిలో ఎంఎన్ఆర్ డెంటల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో పనిచేస్తారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు సాధారణంగా తక్కువ. అక్కడ బాండింగ్ చూసే విభాగం పేరు కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ అండ్ ఎండోడాంటిక్స్. చీటీ రాయించుకునేటప్పుడు ఆ పేరు చెబితే తిరుగుడు తప్పుతుంది.

పెచ్చు లేస్తే

కాంపోజిట్‌కున్న గొప్ప సౌకర్యం మరమ్మతు. పింగాణీ పగిలితే చాలాసార్లు మొత్తం మార్చాలి. కాంపోజిట్‌కు పాతదాని పైపొర గరుకుచేసి కొత్తది కలపొచ్చు. అంచు చుట్టూ సన్నని గోధుమ గీత కనిపిస్తే చాలాసార్లు పాలిష్‌తోనే పోతుంది. ఆరు నెలలకోసారి చూపించుకుంటే అది కింద పుచ్చుగా మారకముందే దొరుకుతుంది. పూర్తిగా ఊడిపోతే ఇంట్లోనో షాపులోనో ఉన్న సూపర్ గ్లూతో మాత్రం అతికించకండి. అది చిగురును కాలుస్తుంది, ముక్క వంకరగా అతుక్కుపోతుంది, దాన్ని గీకి తీసేటప్పుడు అసలు ఎనామెల్ కూడా పోతుంది. పదునుగా ఉన్న అంచు నాలుకకు గుచ్చుకుంటుంటే చక్కెర లేని చూయింగ్‌గమ్ కాస్త నమిలి దాని మీద అద్దుకోండి. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లండి.